మనసెరిగిన సంఘసేవ : శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము

ప్రతి సంవత్సరము వేసవి సెలవులకు ముందు చివరి తరగతి విద్యార్థులు పలువురు మా వద్దకు వచ్చి, డిగ్రీ పూర్తియైన పిదప ఏమి చదువవలెనని అడుగుచుందురు. ప్రొద్దుటూరు మగ్గముల ఇండ్లనుండి, జమ్మలమడుగు దగ్గర పెన్నానది ఒడ్డు పల్లెలనుండి, పులివెందుల చీనీతోటల నడుమనుండి వచ్చిన బిడ్డలు వీరు. కొందరి ఇంటిలో తెలుగు, కొందరి ఇంటిలో ఉర్దూ. కామర్సు వారికి, సైన్సు వారికి సమాధానము చెప్పుట మాకు కష్టము కాదు. కాని ఇటీవల కొందరు, ముఖ్యముగా ఆడపిల్లలు, వేరొక ప్రశ్న వేయుచున్నారు. సంఘసేవాశాస్త్రమును, మనస్తత్వశాస్త్రమును రెండింటిని కలిపి చదువవచ్చునా, చదివినచో దానివలన ఎవరికి ఏమి ప్రయోజనము అని వారి ప్రశ్న.

దీనికి నియమావళి పుస్తకము తెరచి సమాధానము చెప్పవచ్చును. అది కూడ ఈ వ్యాసము చివర చెప్పగలము. కాని ముందుగా ఒక జీవితమును మన విద్యార్థుల ముందుంచుట మంచిదని మాకు తోచినది. ఆ జీవితము మన ఆంధ్రదేశమున పుట్టిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిది. ఆమె విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్రము చదివినారు, న్యాయశాస్త్రము చదివినారు. సంఘసేవాశాస్త్రములో గాని, మనస్తత్వశాస్త్రములో గాని ఆమెకు పట్టము లేదు. అయినను ఈ రెండును ఒకదానినుండి మరియొకటి విడదీయరానివని తన బ్రతుకులో తెలిసికొని, తెలిసినదానిని సంస్థలుగా నిలిపినవారు ఆమె. అందుచేతనే ఆమె కథ మన ప్రశ్నకు దగ్గరి సమాధానము కాగలదని మా నమ్మకము.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమహేంద్రవరములో జన్మించినారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆ కాలపు ఆచారము ననుసరించి ఆమెకు 8వ యేటనే బంధువైన సుబ్బారావు గారితో వివాహము జరిపించినారు. పెండ్లియన నేమో తెలియని వయస్సు అది. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట, తన మార్గము వేరని, సంసారమునకు తాను రాలేనని ఆమె స్పష్టముగా చెప్పినారు. పుట్టినింటివారు ఆమె నిర్ణయమునకు అండగా నిలిచినారు. వంద సంవత్సరముల క్రిందట ఒక తెలుగు బాలిక ఇట్టి మాట పలుకుట ఎంత సాహసమో, ఆ మాటను ఇంటివారు మన్నించుట కూడ అంతే సాహసము. ఈ రెండవదానిని మనము తరచుగా మరచిపోవుదుము. ఒక మనిషి ధైర్యము వెనుక ఆ ధైర్యమును భరించిన కుటుంబ మొకటి ఉండును.

12 సంవత్సరముల వయస్సులో ఆంగ్లమాధ్యమమును నిరసించి ఆమె బడి విడిచినారు. తరువాత కాకినాడలో బాలికలకు హిందీ నేర్పు పాఠశాలను తానే నడిపినారు. బడి మానిన పిల్ల బడి పెట్టుట చూచువారికి వింతగా తోచి యుండవచ్చును. కాని ఆమె జీవితమంతయు ఇట్లే సాగినది. తనకు ఏది లేకపోయినదో, దానిని ఇతరులకు సమకూర్చుటయే ఆమె పద్ధతి.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చిరి. ఊరంతయు సభకు పోవుటకు సిద్ధమగుచున్నది. దుర్గాబాయికి అప్పటికి 12 ఏండ్లు నిండలేదు. ఆమె దృష్టి మాత్రము సభకు రాలేనివారిమీద పడినది. ఒకరు దేవదాసీలు. వారిని ఊరు వెలివేసినట్లే చూచుచుండెను. మరియొకరు ఘోషా పాటించు ముస్లిం స్త్రీలు. వారికి బహిరంగ సభలో పురుషుల నడుమ కూర్చుండు వీలు లేదు. వీరిరువురి కొరకు గాంధీజీ వేరుగా కొన్ని నిమిషములు కేటాయించవలెనని ఆ బాలిక నిర్వాహకులను కోరినది. 5,000 రూపాయలు నిధిగా సమకూర్చినచో ఆలోచింతుమని వారు చెప్పినారు. ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. దేవదాసీలే ముందుకు వచ్చి ఆ ధనమును ప్రోగుచేయుటకు తోడ్పడినారు. సభ జరిగినది. గాంధీజీ అనుకొన్న నిమిషములను మించి వారితో గడిపినారు. ఆయన మాటలను ఆ బాలికయే తెలుగులోనికి మార్చి చెప్పినది. స్త్రీలు తమ ఒంటిమీది నగలను తీసి నిధికి ఇచ్చినారు. ఆ తరువాతి పెద్ద సభలో కూడ తన ఉపన్యాసమును ఆమెచేతనే అనువదింపజేసినారు గాంధీజీ.

ఈ సంఘటనను మేము కొంచెము విస్తరించి వ్రాయుటకు కారణము కలదు. నేటి విశ్వవిద్యాలయములలో సంఘసేవాశాస్త్రపు మొదటి పాఠము ఏమనగా, సహాయము ఎక్కడ దొరకునో అక్కడికి రాలేనివారు ఎవరో ముందుగా కనుగొనవలెను. మనస్తత్వశాస్త్రపు మొదటి పాఠము ఏమనగా, వారు ఎందుకు రాలేకపోవుచున్నారో వారి వైపునుండి చూడవలెను. దేవదాసీకి అవమానభయము, ఘోషా స్త్రీకి ఆచారమర్యాద. ఇద్దరికి రెండు వేర్వేరు కారణములు. ఆచారమును తప్పుపట్టక, భయమును ఎగతాళి చేయక, వారున్న చోటికే సభను తీసికొని పోవలెనని ఆ చిన్నపిల్ల తెలిసికొన్నది. ఏ పుస్తకమును చదువకయే రెండు శాస్త్రముల మొదటి పాఠములు ఒక్కనాడు ఆచరణలో పెట్టినది.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. దానికి అధ్యక్షులు మౌలానా మహమ్మదలీ గారు. ఖాదీ ప్రదర్శనశాల ద్వారమువద్ద దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా నిలిచి యుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఉత్తరువు. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ గారిని ఆమె ఆపివేసినది. నిర్వాహకులు పరుగున వచ్చి టిక్కెట్టు కొని యిచ్చిన తరువాతనే లోనికి పోనిచ్చినది. ఆ బాలిక కర్తవ్యనిష్ఠను నెహ్రూ గారు మెచ్చుకొనిరి. సుమారు ముప్పది సంవత్సరముల తరువాత దేశపు సంఘసంక్షేమ భారమును ఆయన ఎవరికి అప్పగించెనో మనకు తెలియును.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. చెన్నపట్టణములో సత్యాగ్రహమును నడిపినవారిలో దుర్గాబాయి ముందు వరుసలో నిలిచినారు. 1930 నుండి 1933 వరకు ఆమె మూడుసార్లు కారాగారమునకు వెళ్ళినారు. వేలూరు జైలు చూచినారు, మధుర జైలు చూచినారు. మధురలో ఆమెను ఒంటరి కొట్టులో ఉంచినారు. పలుకరించు మనిషి లేక, కాలము గడచు గుర్తు లేక గడపిన ఆ దినములు ఆమె ఆరోగ్యమును, నరముల బలమును దెబ్బతీసినవి. మనసునకు మనిషి తోడు అన్నమువలెనే అవసరమని, తోడు లేనిచో ఎంతటి ధీరకైనను నిబ్బరము కరగిపోవునని ఆమె అనుభవముతో తెలిసికొన్నారు. ఒంటరితనము మనిషిని ఏమి చేయునో పరిశోధకులు వ్రాసిన గ్రంథములు నేడు పెక్కు కలవు. ఆమె ఆ పాఠమును తన దేహముతోనే చదివినారు.

జైలులో ఆమె చూచిన మరియొక దృశ్యము కలదు. హత్యానేరములపై దీర్ఘశిక్షలు పడిన స్త్రీలు అక్కడ పలువురు ఉండిరి. వారిలో చాలమందికి చదువు రాదు. న్యాయస్థానములో తమ తరఫున ఏమి చెప్పవలెనో తెలియదు. ఇంటిలో ఏండ్ల తరబడి పడిన బాధ ఏదో, అది ఒకనాడు ఎట్లు పగిలి నేరముగా మారెనో అడిగినవారు లేరు. వీరి పక్షమున మాటలాడుటకు న్యాయశాస్త్రము చదువవలెనని దుర్గాబాయి అక్కడనే నిశ్చయించుకొన్నారు. ఆమె చదువునకు మూలము పట్టము మీద కోరిక కాదు, ఆ స్త్రీల ముఖములు. విద్యార్థులారా, ఏ చదువును ఎన్నుకొనునప్పుడైనను ఎవరి ముఖము మన కన్నులముందు కలదో ఒకమారు ఆలోచించుట మంచిది.

జైలునుండి వచ్చిన తరువాత ఆమె చదువు మరల ప్రారంభించినారు. పన్నెండవ యేట బడి విడిచిన ఆమె, ఇరువది దాటిన వయస్సులో కాశీ హిందూ విశ్వవిద్యాలయము వారి మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చున్నారు. ఇంటరు కూడ అక్కడిదే. పిమ్మట వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్రము ఆనర్సు చదువదలచినారు. అప్పుడు ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనుటకు వీలుకాదని ఆయన చెప్పినారు. ఆమె నిరాశపడి తిరిగి రాలేదు, వాదమునకు దిగలేదు. వాల్తేరులో చదువదలచిన ఆడపిల్లలు తనకు వ్రాయవలెనని పత్రికలో ప్రకటన వేయించినారు. పదిమంది దొరికినారు. వారందరు కలిసి తామే ఒక వసతిగృహమును ఏర్పరచుకొన్నారు. ఇక కాదనుటకు విశ్వవిద్యాలయమునకు కారణము మిగులలేదు.

ఈ ఘట్టము మన పాలకవర్గ సభ్యులు కూడ గమనింపదగినది. పులివెందుల పల్లెనుండి ఆడపిల్ల పై చదువునకు పోలేకపోవుటకు అనేక పర్యాయములు తెలివి తక్కువ కారణము కాదు, పడక లేకపోవుట కారణము. వసతి అన్నది చిన్న విషయముగా కనబడును. కాని దానిమీదనే ఒక జీవితపు దిశ ఆధారపడి యుండును.

1942లో ఆమె మద్రాసులో న్యాయశాస్త్ర పట్టము పొంది, హైకోర్టులో న్యాయవాదిగా నిలిచినారు. ఒకప్పుడు ఏ భాషను కాదని బడి మానిరో, ఆ భాషలోనే వాదించి పేరు తెచ్చుకొన్నారు. అంతకు ముందే, 1937లో, మైలాపూరులో నలుగురైదుగురు పిల్లలను కూర్చుండబెట్టుకొని కాశీ మెట్రిక్ పరీక్షకు పాఠములు చెప్పుట ప్రారంభించియుండిరి. ఆ చిన్న తరగతియే పెరిగి ఆంధ్ర మహిళాసభ అయినది. బడి మధ్యలో ఆగిపోయిన స్త్రీలు, భర్త విడిచినవారు, బాల్యవితంతువులు అక్కడికి వచ్చి చదువుకొన్నారు, పని నేర్చుకొన్నారు. రాను రాను ఆసుపత్రి, ఉపాధ్యాయ శిక్షణ, కళాశాల, వికలాంగుల పునరావాసము మున్నగు శాఖలు వెలసినవి. మద్రాసునుండి హైదరాబాదునకు కూడ సభ విస్తరించినది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక మానలేము. బాల్యములో ఆమెను వివాహమాడిన సుబ్బారావు గారు తరువాత వేరొక వివాహము చేసికొని, కొంతకాలమునకు మరణించినారు. ఆయన భార్య దిక్కులేనిదైనది. ఆమెను దుర్గాబాయి గారు చేరదీసి, చేతిపనిలో శిక్షణ ఇప్పించి, తన కాళ్ళమీద తాను నిలుచునట్లు చేసినారు. దీనిని ఆమె తన జ్ఞాపకములలో దాచుకొనలేదు. మేము ఎన్నో సంఘసేవా నివేదికలు చదివినాము. ఇంతకంటె కఠినమైన పరీక్ష మాకు కనబడలేదు. పరాయివారిమీద దయ చూపుట సులభము. తాను విడిచివచ్చిన ఇంటిలో అడుగుపెట్టిన స్త్రీని దయతో చూచుటకు, ముందుగా తన మనసులోని ముడులను తాను విప్పుకొని యుండవలెను. సంఘసేవ చేయువారు తమ మనసును తామెరుగవలెనని నేటి బోధకులు ఎందుకు చెప్పుచున్నారో ఈ ఒక్క ఉదాహరణ తెలుపుచున్నది. ఆమె ఆ స్త్రీకి నెలనెల ధర్మము పంపి యూరకుండలేదు. పని నేర్పినారు. ధర్మము పుచ్చుకొను చేయి క్రిందనుండును. పని నేర్చిన చేయి తలయెత్తుకొనును.

1946లో ఆమె రాజ్యాంగ పరిషత్తునకు ఎన్నికైనారు. అధ్యక్షులు లేనప్పుడు సభను నడుపు అధ్యక్షుల వరుసలో ఉండిన ఏకైక మహిళ ఆమెయే. మన కళాశాలవంటి ఉభయభాషల సంస్థకు గుర్తుండవలసిన విషయ మొకటి కలదు. జాతీయభాష విషయములో ఆమె హిందీ ఉర్దూలు కలిసిన హిందుస్తానీని కోరినారు. బాల్యములో హిందీ బడి పెట్టినవారే అయినను, దక్షిణదేశమువారిపై హిందీని తొందరపాటుతో రుద్దరాదని, కాలవ్యవధి ఇవ్వవలెనని వాదించినారు. మనిషి భాషను తాకుట మనిషి మనసును తాకుటయని ఎరిగినవారి వాదము అది.

1952 ఎన్నికలలో ఆమె ఓడిపోయినారు. ఓటమితో ఆమె ప్రజాజీవితము ముగియలేదు. ప్రణాళికా సంఘములో సభ్యురాలై సంఘసేవా విభాగమును చేపట్టినారు. 1953 జనవరిలో నాటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని వివాహమాడినారు. ఆయన రిజర్వు బ్యాంకునకు మొదటి భారతీయ గవర్నరు, తరువాత విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమునకు అధ్యక్షులు. 1953 ఆగస్టులో కేంద్ర సంఘసంక్షేమ మండలి ఏర్పడినది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి గారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయమునకై 4 కోట్ల రూపాయలు కేటాయించినారు. పల్లెలలో బాలవాడీలు, ప్రసూతి సహాయము, వయోజన స్త్రీలకు అక్షరాస్యత, చేతిపనులు ఒకచోట చేర్చిన విస్తరణ పథకములు ఈ మండలి ద్వారా బయలుదేరినవి. 1958లో, చదువు ఆగిపోయిన స్త్రీలను స్వల్పకాలములో పరీక్షకు సిద్ధపరచు సంక్షిప్త విద్యాపథకము వచ్చినది. మైలాపూరులో నలుగురైదుగురితో మొదలైన తరగతియే దేశమంతటికి పథకమైనది.

జైలులో చూచిన ముఖములను కూడ ఆమె మరువలేదు. 1954లో మండలి రెండు సలహా సంఘములను నియమించినది. ఒకటి వ్యభిచారకూపమున పడిన స్త్రీల ఉద్ధరణమును గూర్చి, మరియొకటి జైళ్ళనుండి, అనాథాశ్రమములనుండి బయటికి వచ్చినవారి అనంతర సంరక్షణను గూర్చి. రెండవదానికి ఎం. ఎస్. గోరే గారు అధ్యక్షులు. ఆయన సంఘసేవా విద్యలో పేరుపొందిన ఆచార్యులు. జైలు తలుపు తెరచిన మాత్రమున మనిషి విడుదల కాడు. ఊరు చేరదీయవలెను, పని దొరకవలెను, తనపై తనకు గౌరవము మరల మొలకెత్తవలెను. ఈ మూడింటిలో మొదటి రెండును సంఘమునకు సంబంధించినవి, మూడవది మనసునకు సంబంధించినది. ఏ ఒకటి కొరవడినను మనిషి మరల అదే తలుపువద్దకు చేరును.

1953లో చైనా దేశమును దర్శించి వచ్చిన పిమ్మట, మన దేశములో కుటుంబ న్యాయస్థానములు ఏర్పరచవలెనని ఆమె కోరినారు. భార్యాభర్తల తగవును ఆస్తితగవువలె వాదప్రతివాదములతో తేల్చుట తగదని, ముందుగా వారి మాట విని రాజీకి ప్రయత్నించు ఏర్పాటు ఉండవలెనని ఆమె భావన. ఈ కోరిక ఆమె బ్రతికియుండగా నెరవేరలేదు. 1981 మే 9న ఆమె కన్నుమూసినారు. 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చినది. సంఘసంక్షేమ సంస్థల సహాయము తీసికొనవచ్చునని, సలహాదారులను నియమింపవలెనని ఆ చట్టములో ఉన్నది. న్యాయాధిపతి ప్రక్కన సంఘసేవకుడు, మనసెరిగిన సలహాదారు కూర్చుండుటకు దారి ఏర్పడినది. 1975లో ఆమె అందుకొన్న పద్మవిభూషణ్ కంటె ఆమెకు ఇదియే పెద్ద గౌరవమని మేము తలంతుము.

ఆమె కృషిలో లోపములు లేవని చెప్పుట మా ఉద్దేశము కాదు. మండలి పని చాలవరకు స్వచ్ఛంద సేవికలపై, వారికి అందు గ్రాంట్లపై ఆధారపడినది. మంచి మనసున్నవారు చాలునా, శిక్షణ పొందినవారు కావలెనా అను చర్చ సంఘసేవా రంగమున ఎంతో కాలము సాగినది. ఆమె రెండు వైపులను కలుపజూచినారు. ఆమె పూనికతో ఆరంభమైన భారత సంఘసేవా విజ్ఞానసర్వస్వము 1968లో మూడు సంపుటములుగా వెలువడినది. 1962లో స్థాపించిన సాంఘికాభివృద్ధి మండలి పరిశోధనకు స్థానమైనది. సేవకు మనసొక్కటియే చాలదని, జ్ఞానము కూడ కావలెనని ఆమె ఒప్పుకొన్నారనుటకు ఇవి సాక్ష్యములు.

ఇక మన విద్యార్థుల ప్రశ్నకు వత్తము. ఈ రెండు శాస్త్రములును మన దేశములో సుమారు ఇరువది యేండ్ల ఎడముతో విశ్వవిద్యాలయ స్థాయికి వచ్చినవి. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయములో మనస్తత్వశాస్త్ర బోధన ప్రత్యేకముగా మొదలైనది. 1936లో బొంబాయిలో దొరాబ్జీ టాటా పేరిట సంఘసేవా పాఠశాల వెలసినది. అదియే నేటి టాటా సాంఘికశాస్త్రముల సంస్థ. మరుసటి సంవత్సరమే ఆ పాఠశాలవారు పిల్లల మానసిక సమస్యలకై ఒక మార్గదర్శక కేంద్రమును తెరచినారు. అనగా సంఘసేవ మన దేశమున అడుగుపెట్టిన ఏడాదికే మనస్తత్వశాస్త్రముయొక్క చేయి పట్టుకొన్నది. 1954లో బెంగుళూరులో ప్రారంభమైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1974లో నిమ్హాన్స్ అయినది. అక్కడ వైద్యుని ప్రక్కన మనస్తత్వవేత్తకు, సంఘసేవకునకు కూడ స్థానము కలదు.

ఈ రెండును ఎట్లు కలియునో ఒక చిన్న ఊహతో చెప్పెదము. అప్పులలో మునిగిన నేతకార్మికుడొకడు నిద్రపట్టక, అన్నము సహింపక, బ్రతుకుమీద ఆశ విడిచినాడనుకొనుడు. మనస్తత్వము మాత్రమే చదివినవారు అతని దిగులును కొలిచి, ధైర్యము చెప్పి పంపుదురు. ఇంటికి పోవుసరికి అప్పులవాడు గుమ్మమున కూర్చొనియే ఉండును. సంఘసేవ మాత్రమే చదివినవారు సహకార సంఘమునకు, బ్యాంకునకు దరఖాస్తు వ్రాసి యిత్తురు. దిగులుతో మంచము దిగలేని మనిషి ఆ దరఖాస్తును తీసికొనిపోలేడు. రెండును తెలిసినవారు దిగులునకు వైద్యుని చూపింతురు, అప్పునకు దారి చూపింతురు, నడుమ భార్యతోను తమ్మునితోను మాటలాడుదురు. కువైటుకు పనికి పోయిన తల్లి కొరకు ఎదురుచూచు బిడ్డ విషయములోను, కక్షలలో భర్తను కోల్పోయిన స్త్రీ విషయములోను, పరీక్ష తప్పి గదిలో తలుపు వేసికొన్న విద్యార్థి విషయములోను ఇదే మాట.

చట్టములు కూడ ఇట్టివారిని కోరుచున్నవి. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము బాలన్యాయ మండలిలో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సంఘసేవకులు ఉండవలెను, వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. 16 ఏండ్లు దాటిన బాలుడు ఘోరనేరము చేసినాడని వచ్చినప్పుడు, అతని మానసిక స్థితిని అంచనా కట్టుటకు మనస్తత్వవేత్తల లేక మనోసాంఘిక సేవకుల సహాయము తీసికొనవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవైద్య సంఘసేవకుడనగా ఎవరో నిర్వచించినది. సంఘసేవలో స్నాతకోత్తర పట్టము, దానిపై మనోవైద్య సంఘసేవలో ఎం.ఫిల్. ఉండవలెనని పేర్కొన్నది. పట్టముల నియమములు అప్పుడప్పుడు మారుచుండును గనుక, చేరునాటికి ఆయా సంస్థల ప్రకటనలను చూచికొనుట విద్యార్థి బాధ్యత.

చదువు క్రమము కష్టమైనది కాదు. డిగ్రీలో మనస్తత్వశాస్త్రమును గాని సమాజశాస్త్రమును గాని చదివి, స్నాతకోత్తర స్థాయిలో సంఘసేవను తీసికొనవచ్చును. అందులో వైద్య మనోవైద్య సంఘసేవ యను ప్రత్యేకశాఖ చాల చోట్ల కలదు. తరగతిగదిలో పాఠములతో పాటు ఆసుపత్రులలో, బడులలో, బస్తీలలో క్షేత్రకార్యము తప్పనిసరి. మనకు దగ్గరగా తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్ర శాఖయు, 1983లో వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున సంఘసేవా శాఖయు కలవు. క్షేత్రకార్యమునకు మన ప్రాంతము కొదువ కాదు. జమ్మలమడుగులో మిషనరీలు 19వ శతాబ్ది చివరి దశకములో ఆరంభించిన క్యాంబెల్ ఆసుపత్రికి ఈ చుట్టుపట్ల పల్లెల జనము ఎడ్లబండ్లపై వచ్చుచుండిరని పెద్దలు చెప్పుదురు. దేహమునకు జబ్బు చేసినచో బండి కట్టుట ఈ ప్రాంతము ఏనాడో నేర్చినది. మనసునకు జబ్బు చేసినచో మాత్రము నేటికిని తలుపు మూయుచున్నాము.

మన విద్యార్థులకు ఒక అదనపు బలము కలదు. వారు రెండు భాషలలో ఓదార్పు చెప్పగలరు. తన బాధను ఉర్దూలో తప్ప చెప్పుకొనలేని తల్లి తెలుగు మాత్రమే తెలిసిన సలహాదారు ముందు సగము మాటలు మ్రింగివేయును. మనసు విప్పుటకు ఇంటిభాష కావలెను. 1921లో ఘోషా స్త్రీల నడుమ నిలిచి మాటను మార్చి చెప్పిన ఆ బాలిక చేసిన పని ఇదియే గదా.

కావున పాలకవర్గమువారికి మా విన్నపము ఒకటి. కళాశాలలో ఒక చిన్న గది, వారమునకు రెండు దినములైనను తెలుగు ఉర్దూలు రెండును తెలిసిన శిక్షిత సలహాదారు, ఆ గదిలోనికి పోయిన విద్యార్థి పేరు బయటికి రాదను భరోసా. ఇంతకంటె ఎక్కువ మేము కోరుటలేదు. మైలాపూరులో ఒక తరగతిగా మొదలైనది ఏమైనదో పైన చెప్పియుంటిమి.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ ప్రశ్నకు మా సమాధానము ఇది. రెండింటిని కలిపి చదువవచ్చును, చదువవలెను కూడ. అయితే పట్టము చేతికి వచ్చిన దినమున, సభకు రాలేక ఇంటిలో మిగిలిపోయినవారు ఎవరో ఒకమారు లెక్క చూచుకొనుడు. దుర్గాబాయి గారు 12 ఏండ్లు నిండకముందే ఆ లెక్క చూచినారు.